ఉత్తరపు గ్యాలరీకి పేరు

ఆదివారం మధ్యాహ్నం, జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, బట్టలుతికే గది. ముందురోజు సొంత మైదానంలోనే నాలుగు గోల్స్ తిన్న జట్టు కోచ్ డెట్లెఫ్ కోర్ట్‌మన్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆటగాళ్ళ చొక్కాలు ఉతికే హైనో, క్లబ్బు సభ్యుల వార్షిక సమావేశం నుంచి అప్పుడే వచ్చాడు. వచ్చీ రాగానే మడతలు మొదలుపెట్టాడంటే, నోట్లో మాట ఏదో నలుగుతోందన్నమాట.

"నేనడిగింది అక్కడ పెట్టిన సాసేజ్ సంగతి కాదు పెద్దాయనా. నా సంగతి ఏం తేల్చారు?"

"సాసేజ్ బాగానే ఉంది. ఆవాల ముద్దే చాల్లేదు."

"హైనో."

"చెబుతున్నా కదా. నీ పేరెత్తగానే అందరూ లేచి నిలబడ్డారు. నీ పాట కూడా పాడారు."

"నిన్న ఓడినందుకా?"

"పంతొమ్మిదేళ్ళ కిందటి గోల్‌కి. తలకి కట్టుతో కొట్టావే, దానికి."

"వరసగా ఏడు ఆటలు పోగొట్టాను. ఒక్కడైనా తిట్టలేదా?"

"నిన్ను తిట్టే నోరు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు."

"సరే. ఇంకా మూడు ఆటలున్నాయి. రెండు గెలిస్తే కింది డివిజన్‌కి పడిపోం. ఆ మూడూ నాకు వదిలేశారా లేదా, అది చెప్పు."

"ఉత్తరపు గ్యాలరీకి నీ పేరు పెడుతున్నారు."

"ఏమిటి?"

"నిలబడి చూసే గ్యాలరీ. ఎనిమిది వేలమంది పడతారే, అది."

"నా పేరా? నిజంగానా?"

"పెద్ద అక్షరాలతో. రంగు కూడా తేల్చేశారు, నీలం."

"దేవుడా. నేనేమో సాగనంపుతారనుకుని పొద్దుట్నుంచి ఇక్కడ... ఏంటి, మళ్ళీ మడత పెడుతున్నావు? దాన్ని ఇందాకే పెట్టావు."

"పద్నాలుగో నియమం గుర్తుందా?"

"ఏ పద్నాలుగు?"

"క్లబ్బులో జీతానికి ఉన్నవాడి పేరు గ్యాలరీకి పెట్టకూడదు. పేరు పెట్టిన రోజే కొలువు చాలించాలి."

"పేరు పెట్టేదెప్పుడు?"

"రేపట్నుంచే."

"అయ్యో, వాళ్ళకి ఆ నియమం గుర్తుండి ఉండదు. ప్రేమకొద్దీ చెయ్యెత్తేసి ఉంటారు పాపం. అధ్యక్షుడికి ఫోన్ చేసి చెబుతా."

"రెండుసార్లు పైకి చదివారు."

"చెయ్యెత్తక ముందా?"

"మనవాళ్ళు నియమం చదవకుండా చెయ్యెత్తిన రోజుందా? ఆరువందల పన్నెండు మంది. ఎదురు ఒక్కరూ లేరు."

"నువ్వు?"

"నాకూ ఓటుంది."

"అది కాదు నేనడిగేది."

"ఎత్తాను."

"కోచ్‌గా అంత పనికిరానివాణ్ణా నేను?"

"గోల్ బాగా కొట్టేవాడివి."

"కోచ్‌గా అన్నాను."

"తలతో కొడితే మరీ బాగుండేది."

"ఇదంతా అధ్యక్షుడి పనే కదూ? నన్ను తీసేసే ధైర్యం లేక, పూలదండ వేసి గెంటేశాడు."

"ఆయనకి ఇంత తెలివెక్కడిది? కంగారుగా పక్కవాళ్ళని చూసి చెయ్యెత్తాడు."

"మరి ప్రతిపాదన తెచ్చిందెవరు?"

"ఈ ఏడో నంబరు చొక్కాకి గడ్డి మరక పోవట్లేదు."

"హైనో, ఎవరు?"

"ఎవరైతే ఏం? మంచి మనసుతోనే తెచ్చారు."

"వాడి పేరు చెప్పు. రేపు పొద్దున్నే వాడింటికెళ్ళి మొహం మీదే అడుగుతాను. ఇరవై ఏళ్ళు ఈ ఊరికోసం పరిగెత్తినవాడికి మూడు ఆటలు ఇవ్వలేకపోయారా అని."

"రేపటిదాకా ఎందుకు? సాయంత్రం ఎలాగూ వెళతావు."

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి."

"అమ్మా? ప్రతిపాదన అమ్మ తెచ్చిందా?"

"అరవై ఏళ్ళ సభ్యత్వం, ముందు మాట్లాడే హక్కు ఆవిడదే. కర్ర ఆనించుకుని లేచింది. 'ఫిబ్రవరి నుంచి వాడికి నిద్ర లేదు, తిండి లేదు. పేరు మీరే ఉంచుకోండి, పిల్లాణ్ణి మాత్రం నాకిచ్చేయండి' అంది. అప్పుడే డెట్లెఫ్, హాలంతా లేచి నిలబడింది."