మూడు రోజుల్లో ఐదు ఆపరేషన్లు

పోర్ట్ బ్లెయిర్, బతు బస్తీ. ఓడలో వంటవాడిగా చేసి రిటైరైన కన్నారావు ఇంటి పెరడు. ఆయన వంటింట్లో ఉన్నాడు. భార్య నూకరత్నం పెరట్లో కత్తిపీట ముందేసుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది. ఆరోగ్య కార్డుల తనిఖీకి వచ్చిన అబిగేలు ఆమెకెదురుగా, ఒళ్ళో ఫైలు విప్పుకుని కూర్చుంది.

"రెండు మోకాళ్ళూనా ఆంటీ?"

"రెండూనమ్మా. ముందు కుడిది, తరవాత ఎడమది. పక్కా."

"మోకాళ్ళు మార్చినవాళ్ళు ఇలా గొంతుక్కూర్చుని చేపలు కోస్తారా?"

"అదే మరి! డాక్టర్లంటే అలగుండాల. రెండేళ్ళయినాది, ఒక్కనాడు కటక్ అన్నేదు."

"మరి కుట్ల గుర్తులేవీ?"

"కొబ్బరినూనె రాసినాను. పోనాయి."

"ఇంత పొడుగు కోత ఉంటుంది ఆంటీ. నూనె రాస్తే పోతుందా?"

"మన కొబ్బరినూనె బేటీ! బజారుది కాదు. ఓ సీసా ఇస్తాను, పట్టికెళ్ళు."

"నాకు నూనె వద్దు, నిజం కావాలి."

"అదీ పట్టికెళ్దువుగాని, తొందరేటి? ఇంతకీ మీదెక్కడ?"

"డాలీగంజ్."

"డాలీగంజ్‌లో ఎవరమ్మాయివి?"

"దేవకుమార్ గారమ్మాయిని. ఆంటీ, మాట మార్చకండి."

"తెలుగు చర్చిలో పాటలు పాడే దేవకుమారా! అయ్యో, ఆ గొంతు ఇంటే నాకు కళ్ళంట నీళ్ళొచ్చీస్తాయి. మా పక్కింటి సీతాలు చిన్నకూతురు పెళ్ళికి—"

"ఆంటీ!"

"సరే, అడుగు. అదిగో, మా ఆయన చాయ్ తెస్తన్నాడు."

"తల్లీ, చాయ్ తీసుకో. అల్లం ఏసినాను. తాగీసి జల్దీ బయల్దేరు, వండూర్ బస్సు పోతే మళ్ళీ గంటన్నరదాకా ఇంకోటి నేదు."

"నేను వండూర్ వెళ్తానని మీకెలా తెలుసు అంకుల్?"

"అదీ... అక్కడా మన కార్డులోళ్ళు ఉన్నారు గదా. అందాజుగా అన్నాను."

"ఏవయ్యా, ఇంటికొచ్చిన ఆడపిల్లని పొమ్మంటావేటి? నువ్వు లోపలికెళ్ళి చింతపండు పిసుక్కో."

"ఎల్తన్నాను, ఎల్తన్నాను."

"ఇప్పుడు అడుగు బేటీ."

"మోకాళ్ళ తర్వాత గుండె. స్టెంటు వేశారు."

"ఎవరి గుండె?"

"మీదే. నూకరత్నం, యాభై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు మార్చిన మర్నాడే."

"నాకెవరూ చెప్పనేదే!"

"మీకు చెప్పకుండా మీ గుండెలోకి ఎలా వెళ్ళారు?"

"అదే నేనూ అడుగుతన్నాను. మోకాళ్ళన్నారు, సరే అన్నాను. గుండె మాట ఎవరన్నారు?"

"తర్వాత కంటి శుక్లం. కుడి కన్ను."

"కన్నంటే పోనీలే."

"మళ్ళీ కుడి కన్ను."

"ఒకే కంటికి రెండుసార్లా? ఎడమది ఏటి పాపం చేసినాది?"

"మొత్తం ఐదు ఆపరేషన్లు ఆంటీ. మూడు రోజుల్లో. నాలుగో రోజు మీరు చీరల షాపులో ఉన్నారు."

"అదెవరు చెప్పినారు?"

"మీతో వచ్చిన శ్రీలక్ష్మి గారి ఫోన్లో ఫోటో ఉంది. మూడో అంతస్తుకి మెట్లెక్కుతున్నారు. రెండు చేతుల్లోనూ సంచులు."

"లిఫ్టు పాడయినాదమ్మా!"

"ఆంటీ..."

"నవ్వకు బేటీ."

"నేనెక్కడ నవ్వాను? మీరే నవ్వుతున్నారు."

"మరేటి చెయ్యమంటావు? గుండె బాగు చేయించుకుని తిన్నగా చీరల షాపుకెళ్ళిన ఆడదాన్ని నేనొక్కర్తినే అయ్యుంటాను."

"ఇంకొకటుంది. చదవడానికి నాకే సిగ్గుగా ఉంది. కన్నారావు అంకుల్ కార్డు మీద కూడా—"

"ఆయన కార్డా? ఆయనది ముట్టుకోరన్నారే!"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లే. ఏటి చేసినారంట ఆయనకి?"

"గర్భసంచి తీశారు."

"ఏటీ?"

"గర్భసంచి ఆంటీ. పెద్దాపరేషన్. వారం రోజులు వార్డులో ఉన్నారట."

"ఏవయ్యోయ్! ఇన్నావా? నీకు గర్భసంచి తీసీసినారంట! ముగ్గురు పిల్లల్నీ నేనే కన్నాను గదయ్యా, నీక్కూడా ఒకటుండీదని నాకెప్పుడూ చెప్పనేదే! ఏటి, ఏటా సప్పుడు?"

"గిన్నె జారినాది. తల్లీ, సరిగ్గా చూడు. నా కార్డేనా? నంబరు చదువు."

"చివర నాలుగు ఏడు రెండు అంకుల్."

"నాదే."

"నీ చేతిలో చాయ్ ఒలికిపోతున్నాది, చూసుకోయ్యా. ఎల్లు, పులుసు అడుగంటుద్ది. బేటీ, ఇంక అబద్ధం నావల్ల కాదు. నవ్వి నవ్వి పక్కలు నొప్పెడతన్నాయి. రాసుకో."

"హిందీలో రాస్తాను ఆంటీ. తెలుగు మాట్లాడతాను గానీ, రాయడం అంతంతమాత్రం."

"ఎందులో రాస్తే ఏటి, ఉన్నదున్నట్టు రాయి. రెండేళ్ళ కిందట కమ్యూనిటీ హాల్లో ఉచిత శిబిరం పెట్టినారు. బీపీ చూసినారు, కార్డులు తీసుకున్నారు. మెయిన్‌ల్యాండ్‌లో పెద్ద పరీక్షలు చేయిస్తాం, ఓడ టిక్కెట్టు, లాడ్జి, భోజనం అన్నీ మావే అన్నారు. ఇరవై రెండుమందిమి ఎల్లినాం. నేను మెయిన్‌ల్యాండ్ చూసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. సీతాలయితే పుట్టినకాణ్ణించీ చూణ్ణేదు. ఓడలో మూడ్రోజులూ పాటలే పాటలు! ఆవిడికి వాంతులవుతున్నా బంకు మంచం మీంచి లేచి పాడీది."

"ఆస్పత్రిలో ఏం జరిగింది?"

"ఆకుపచ్చ గౌనేసినారు. టోపీ పెట్టి మంచం మీద పడుకోబెట్టి ఫోటో తీసినారు. మోకాళ్ళకి కట్లు కట్టి ఇంకో ఫోటో. వేలిముద్రలు. తరవాత కట్లు విప్పీసి ఇడ్లీ పెట్టినారు."

"కట్లు ఎందుకని అడగలేదా?"

"అడిగినాను. పేపర్ల కోసమమ్మా అన్నారు. పేపర్లకే గదా అనుకున్నాను. అంత మర్యాద చేసినోళ్ళని గుచ్చి గుచ్చి అడగడానికి మొహమాటం బేటీ. డాక్టరే కుర్చీ ఏసి 'అమ్మా కూర్చోండి' అన్నాడు. నా జన్మలో ఏ డాక్టరన్నాడు?"

"మా ఆఫీసులో ఒకటే ప్రశ్న ఆంటీ. మెయిన్‌ల్యాండ్‌లో ఎన్ని ఊళ్ళు లేవు? ఇలాంటి కేసులన్నీ మీరు వెళ్ళిన ఆ ఒక్క ఊరి నుంచే వస్తాయి. ఎందుకు?"

"మీ ఆఫీసర్లు ఇమానంలో ఎల్లి ఇమానంలో వచ్చీస్తారు. ఆళ్ళకేటి తెలుస్తాది? ఆ ఊళ్ళో రోగులు ఒక్కరూ ఆ ఊరోళ్ళు కాదు. ఓడ దిగినోళ్ళు, రైలు దిగినోళ్ళు. నాల్రోజులుండి పోయీవోళ్ళు. అదే మన బస్తీలో చేశాడనుకో, తెల్లారేసరికి నేను గుమ్మం ముందు నిలబడి 'ఏటిరా, నా గుండెలో ఏటి పెట్టినావ్' అని అడుగుతాను. సముద్రం దాటొచ్చి ఎవరడుగుతారు?"

"అది ఆస్పత్రి సంగతి. ఊరు ఊరంతా ఎందుకు ఊరుకుంటుంది?"

"ఊరంతా దాని మీదే బతుకుతుంటే ఊరుకోదా? రోగిని దింపితే ఆటోవోడికింత. లాడ్జోడికి గదులు నిండుతాయి. ఇడ్లీ బండోడికి నాలుగు వాయిలు ఎక్కువ. చీరల షాపోడు కూడా 'ఏ ఆస్పత్రికొచ్చారమ్మా' అని అడిగి మరీ తగ్గించినాడు. ఆ వీధిలో అది దొంగతనం కాదు బేటీ, యాపారం. మేం కూడా నష్టపోయినట్టు అనిపించనేదు. పోయింది సర్కారు సొమ్ము. సర్కారుకి మోకాళ్ళు నొప్పెడతాయా?"

"ఈ మాట రాసుకోవచ్చా?"

"రాసుకో. ఇడ్లీల సంగతి కూడా రాయి. బాగున్నాయి."

"రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నారు ఆంటీ?"

"సీతాలు."

"ఆవిడకేమైంది?"

"మూణ్ణెల్లనించీ కడుపులో నొప్పి. గాల్ బ్లాడర్‌లో రాళ్ళన్నారు. ఈసారి నిజంగానే. ఆపరేషన్‌కి కార్డు పెడితే కంప్యూటరు ఒప్పుకోనేదు. రెండేళ్ళ కిందటే తీసీసినట్టుంది, లేనిదాన్ని మళ్ళీ ఎలా తీస్తారు అంటాది. డాక్టరేమో స్కాన్లో రాళ్ళు చూపిస్తన్నాడు. మొదట్లో మేం కూడా నవ్వుకున్నాం. సీతాలే చెప్పి చెప్పి నవ్వీది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తన్నాది. నిన్న పొద్దున్న జావ పట్టుకెళ్తే రెండు గుటకలు మింగలేకపోనాది. ఆ ఓడలో వాంతులవుతున్నా పాడిన మనిషి బేటీ."

"ఆంటీ, ఆ రికార్డు నేను సరిచేయించగలను. మీ స్టేట్‌మెంటు, ఆవిడ స్కాన్, రెండూ పెడితే వారంలో కార్డు తెరుచుకుంటుంది."

"సచ్చీ?"

"నిజంగా. కానీ ఫారంలో ఒక గడి ఉంది. ఎవరు తీసుకెళ్ళారో రాయాలి. అది ఖాళీగా ఉంటే తిప్పి పంపేస్తారు. ఏజెంటు పేరు చెప్పండి."

"ఏజెంటనకు. మంచి మనిషి."

"లేని స్టెంటు వేయించినవాడు మంచి మనిషా?"

"ఆ మనిషికీ అంత తెలీదమ్మా. బస్తీలోవోళ్ళు నాలుగూళ్ళు చూస్తారు, పరీక్షలూ అవుతాయి అనుకున్నాడు. ఆళ్ళిచ్చింది జేబులో ఏసుకున్నాడు, అది తప్పే. కాదన్ను. పేరు చెప్తే ఏటి చేస్తారు?"

"మేం వెతికి పట్టుకుంటే ముద్దాయి. తనే వచ్చి చెప్తే సాక్షిగా తీసుకుంటామని మా సార్ అన్నారు."

"ఏటన్నావ్? గట్టిగా చెప్పు. నాకు ఎడం చెవి మందం."

"తనే వచ్చి చెప్తే సాక్షి అంటారు ఆంటీ."

"ఇంకాస్త గట్టిగా. వంటింట్లో పంపు ఇప్పినాడు, ఇనబడ్నేదు."

"తనంతట తను చెప్తే సాక్షి! పట్టుబడితే ముద్దాయి!"

"హాఁ. ఇప్పుడు ఇనబడినాది. పంపు కూడా కట్టీసినాడు."

"మరి పేరు?"

"నా నోటితో చెప్పను బేటీ. కాసేపు కూర్చో."

"కూర్చుంటే పేరు వస్తుందా? అంకుల్, మీరొకసారి ఇలా రండి. మీరైనా చెప్పండి. వాడు మీ కార్డుని కూడా వదల్లేదు. కోపం రాలేదా?"

"వచ్చినాది తల్లీ."

"మరి చెప్పడానికి భయమా?"

"భయమూ ఉంది. సిగ్గు అంతకన్నా ఉంది. సీతాలు కార్డు వారంలో తెరుచుకుంటాదని నిజంగా అన్నావా?"

"నిజంగానే అంకుల్. పేరొక్కటే కావాలి."

"అయితే రాసుకో. తప్పుల్లేకుండా రాయి. వాసుపల్లి కన్నారావు. ఆ ఇరవై రెండుమందినీ ఓడెక్కించింది నేనే."