గోదా మట్టి

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పుతాను, రాత నెమ్మది. మన్నించండి. 1936లో మన దేశం తరఫున పైదేశంలో కుస్తీ పట్టడానికి నా భర్త రహమాన్, అతని జోడు సైదా ఓడెక్కారు. సైదా ఒక్కడే ఏలూరు తిరిగొచ్చిన పొద్దున అతనూ, మా అత్త ఖాతూనూ మాట్లాడుకున్న మాటలివి. నేను తలుపు వెనక ఉన్నాను.

“వాడేడిరా?”

“కూర్చోండి పెద్దమ్మా.”

“వాడేడంటే కూర్చోమంటావేం? స్టేషన్లో ఆగిపోయాడా? ఓడిపోయానని సిగ్గా?”

“అందరం ఓడామండి. మన దేశంవాళ్ళు ఒక్కరూ నెగ్గలేదు.”

“పోన్లే. కొల్లేటి కొర్రమీను పులుసు పెట్టాను. ఓడినోడికి ముల్లు ఎక్కువ వస్తుందా ఏం? పిలు వాణ్ణి.”

“అసలు రహమాన్ నెగ్గినట్టేనండి. ఆ తెల్లవాణ్ణి ఎత్తి పడేశాడు. పడేసేటప్పుడు తనూ దొర్లాడు. వీపు అలా ఆని ఇలా లేచింది.”

“ఆనితే? మన గోదాలో రోజూ దొర్లేవాడేగా. వెల్లకిలా పడి లేవలేకపోతే కదరా ఓటమి!”

“అక్కడ ఆనితే చాలంటండి. ఈల ఊదేశారు. తనే నెగ్గాననుకుని చేతులెత్తి నిలబడ్డాడు. జనమంతా నవ్వారు.”

“ముందే ఎవరూ చెప్పలేదా?”

“చెప్పారండి. ఇంగ్లీషులో.”

“నేను మూటకట్టిన గోదా మట్టి ఒంటికి రాసుకున్నాడా?”

“రాసుకోనివ్వలేదండి. అక్కడ పరుపు మీద పట్టాలి. మాసిపోతుందని మూట బయట పెట్టించారు.”

“పరుపు మీద కుస్తీయా! పట్టడానికా, పడుకోడానికా? వాడి నాన్న పోయినప్పుడు గోరీలో తలా పిడికెడు వేసిందీ ఆ గోదా మట్టేరా. వాళ్ళకేం తెలుసు. మూట వెనక్కి తెచ్చాడా?”

“లేదండి.”

“పారేశాడా?”

“లేదండి. ఆ రోజునుంచి సరిగ్గా తినలేదు. వచ్చేటప్పుడు ఓడలో జ్వరం... డాక్టరు ఉన్నాడు గానీ...”

“ఎవరికిరా జ్వరం?”

“పులుసు అడుగంటుతోందండి పెద్దమ్మా.”

“అంటనీ. మూట ఏం చేశారు? నా వైపు చూసి చెప్పు.”

“నడిసముద్రంలో మట్టి ఎక్కడ దొరుకుతుందండి? నీళ్ళలోకి దించే ముందు తలా పిడికెడూ అదే వేశాం.”

అమీనా, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో, మా తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను.