ఏడు దర్వాజల పురం

1986 ఎండాకాలం. బెల్లంపల్లికి ఆవల అడవిలో, పాడుబడ్డ పురానికి తోవ చూపే లచ్చయ్య ఇంటి ముందు, సుల్తానాబాద్ నుంచి కొడుకును వెతుక్కుంటూ వచ్చిన ఐలవ్వ పొద్దుటి నుంచీ కదలకుండా కూర్చుంది.

“చెప్పిన గదా అక్కా, నాకెర్క లేదని. బంగారమనుకుంట ఎందరో వస్తరు, పోతరు. అందరి మొకాలు యాదికుంటయా?”

“నా రాజం మొకం యాదికుంటది లచ్చయ్యా. ఇరవై ఏండ్ల పిలగాడు. బక్కగ, పొడుగ్గ ఉంటడు. జీపుల ముగ్గురు తోల్కొచ్చిండ్రు.”

“జీపులు మస్తుగ వస్తయి.”

“ఎదురుకాళ్లతోని పుట్టిండని తోల్కొచ్చిండ్రు. అసొంటోనికి భూమిల దాగిన బంగారం కనవడ్తదట గదా.”

“ఆ... గట్లనంటరు.”

“ఇప్పుడు యాదికొచ్చిందా?”

“జర నీళ్లు తాగక్కా. ఎండల వడి వచ్చినవు.”

“నీళ్లు తర్వాత. వచ్చిండా, రాలేదా?”

“వచ్చిండు.”

“మరి యాడున్నడు?”

“వచ్చిండు, పోయిండు. వేరే తోవల పోయిండ్రేమో. నేనైతే దర్వాజ కాడ్నే ఆగిన.”

“మా తాన ఎవలికి నడుం పట్టినా వాని దగ్గర్కే వస్తరు. ఎదురుకాళ్లోడు వీపు మీద తంతె పట్టు ఇడుస్తదని. మానెడు బియ్యం వెడ్తరు. వాడు సిగ్గువడుకుంట మెల్లగ తంతడు. ఒక్కర్ని గట్టిగ తన్నలే లచ్చయ్యా. గసొంటి పిలగాడు.”

“ఊకో అక్కా, ఊకో.”

“నువ్వెందుకు ఏడుస్తున్నవు?”

“ఏడుస్తలేను.”

“లచ్చయ్యా! ఇటు చూసి చెప్పు. ఉంటే ఉన్నడను, లేకుంటే లేడను. మూడు నెలలాయె, మాపటీలి వాని కంచంల ఇంత పెట్టి ఎదురుచూస్తున్న. ఇగ నాతోని కాదు.”

“ఆ పురంల ఏం లేదక్కా. ఏడు దర్వాజలు, ఏనుగంత రాతిగుర్రాలు, గంతే. రాణి తన బంగారమంత మెట్లబావిల ఏసి మాయమైందని మా తాత చెప్పేటోడు. నా ఉమర్‌ల వచ్చినోళ్లందరు ఉత్త చేతులతోనే మర్లిండ్రు. అయినా వస్తరు. తోవ చూపుమంటరు, చూపిస్త. నాకు గదే బతుకు.”

“రాజం సంగతి చెప్పు.”

“బావి అడుగున సొరంగం ఉంది. చీకటి. గా ముగ్గురు తొంగి చూసి, ‘నువ్వు దిగు, నీకే కనవడ్తది’ అన్నరు. తాడు నేనే పట్టిన.”

“దర్వాజ కాడ్నే ఆగిన అన్నవు?”

“అబద్ధమాడినక్కా. తాడు నేనే పట్టిన. ‘వద్దు బిడ్డా, రాళ్లు కదులుతున్నయి, నీకేం కనవడదు, ఇంటికి పో’ అని చెవుల చెప్పిన. నా పిల్లల మీద ఒట్టు, చెప్పిన.”

“ఇన్లేదా?”

“నవ్విండు. ‘ఎదురుకాళ్లతోని పుట్టినవని మా అవ్వనే చెప్పింది కాకా. అవ్వ నాతోని ఎన్నడు అబద్ధమాడలే, నాకు కనవడ్తది. బంగారం దొరికితె అవ్వకు సొంతంగ బట్ట నేసే సాంచ పెట్టిస్త, ఇగ పరాయోళ్ల నేత నెయ్యదు’ అనుకుంట దిగిండు. జరసేపటికి కప్పు కూలింది. జీపోళ్లు ఉరికిండ్రు. నేనొక్కన్నే మూడు దినాలు రాళ్లెత్తిన. అందలే అక్కా. వాడు అందలే... తిట్టు నన్ను. కొట్టు.”

“నిన్నేం తిడ్త లచ్చయ్యా. వాడు అందరి లెక్కనే తలకాయ ముందుగాల వచ్చి పుట్టిండు. నేత పని బందై ఇంట్ల గింజ లేని నాడు, గా మానెడు బియ్యం కోసం ఎదురుకాళ్లని ఊరంత చెప్పిన. వానికి గూడ గదే చెప్పిన.”