కనకాంబరాల పొట్లం

నన్నడగద్దబ్బా. ఆ పిల్ల బస్సు దిగేటప్పుడు తిరిగి సూసిందా, నవ్విందా, నవ్వితే ఏందర్థం, ఇవన్నీ నన్ను మాత్రం అడగద్దు. ఒకప్పుడైతే నువ్వు అడక్కముందే సెప్పుంటాను. అప్పుడు గూడా తిరపతి టేసను ముందర ఇదే వక్కాకు అంగడి నాది. ఈ వీధిలో వయసు పిల్లోళ్లంతా నా కాడికొచ్చి, 'తిరుమలన్నా, ఆ యమ్మి ఇట్ల సూసింది, ఏమంటావు' అని అడిగి పోతావుండ్రి. నేను ఆకుకు సున్నం పూస్తానే తీర్పు సెప్తావుంటి. అంత తెలిసినోడిని మరి. మా ఇంట్లో ఆమె మనసులో ఏముండాదో నలభై ఏండ్లు కాపరం సేసినా నాకు తెలీలేదు, అది వేరే మాట.

గోవిందు అని ఒకడుండె. నా అంగడి పక్కనే వాడి పూల బండి. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. ఆ ఎదురుగా ఇప్పుడు లాడ్జి ఉండాదే, అప్పుడు ఆడ సైకిలు షాపు. వాడు పూలు కడతావుంటే సూడల్ల నువ్వు, కండ్లు మూసుకోని కట్టినా ముడి తప్పేది కాదు. నోరు తెరిస్తే మాత్రం మాట రాదు. పక్క వీధిలో టైపు నేర్సుకునే భారతి అనే పిల్ల దినామూ సాయంత్రం వాడి కాడ మూర కనకాంబరాలు తీసుకుంటావుండె. నడుము దాటిన జడ ఆ పిల్లకి. వీడు సెయ్యి సాపి సాపి మూరని సెప్పి మూరన్నర కోసిస్తాడు. 'ఏమిరా గోవిందూ, నీ సెయ్యి దినదినానికీ పొడుగవుతాందే' అని నేను ఎగతాళి పట్టిస్తే సెవులు ఎర్రగయ్యేవి వాడికి. ఆ పిల్లకీ తెలుసు. తెలిసే, 'ఇది మూరేనా' అని అడుగుతాది. 'మూరే' అంటాడు. ఏడాది పొడుగునా వాళ్లిద్దరి మాటలు అంతే.

నాకు వాణ్ణి సూస్తే విసుగొచ్చింది. 'నోరు లేనోడివి, నువ్వేం అడగతావు గానీ, ఒక గుర్తు పెట్టుకోరా' అని నేనే సెప్పినా. శుక్రవారం పొట్లం ఇయ్యి, సోమారం ఇవి తల్లో పెట్టుకోని వస్తే మా అమ్మను మీ ఇంటికి పంపిస్తా, పెట్టుకోకుంటే ఇంగ ఎప్పటికీ అడగనని సెప్పు అన్నా. కనకాంబరం తడిగుడ్డలో పెడితే మూడు దినాలు వాడదు గదా, అందుకని. వాడు ఆ మాట నా ముందర పదిసార్లు అప్పజెప్పినాడు. శుక్రవారం నిజంగానే సెప్పేసినాడబ్బా, నేనే నమ్మలేదు. ఆ పిల్ల పొట్లం తీసుకోని, 'ఈ పొద్దు మూర కొలవలేదే' అని నవ్వి పోయింది. అప్పుడే అర్థం కావల్ల గదా మాకు. ఇంగేం గుర్తు కావల్ల?

సోమారం వాడు కొత్త సొక్కా తొడుక్కోనొచ్చినాడు. సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. మా పక్కకు రాలేదు, సైకిలు షాపు కాడ నిలబడింది. సీర కొంగు నుదుటి దాకా కప్పుకోనుండాది. 'అన్నా, పూలుండాయా' అంటాడు వీడు. నేను మెడ సాపి సూసినా. 'లేవురా. కాదని సెప్పలేక మొగం దాసుకుంటాంది. నువ్వు సూడద్దు, తిరుక్కో, మగోడికి రోసముండల్ల' అన్నా. తిరుక్కున్నాడు. నీళ్లు సల్లిన పూలకే మళ్లీ నీళ్లు సల్లతావున్నాడు. ఆ పిల్ల రెండు బస్సులు పోయిందాకా ఆడే నిలబడింది. అది గూడా సూసినా నేను. సూసీ నోరు మూసుకున్నా. తీర్పు సెప్పేసినా గదా అప్పటికే.

ఆ పిల్ల ఇంగ శానా ఏండ్లు ఈ దోవన రాలేదు. గోవిందు బండి అమ్మేసి గూడూరికి పోయి నిమ్మకాయల మండీలో సేరినాడు. ఐదారేండ్లకు కామెర్లొచ్చినాయని తెలిసి సూసేదానికి పోయినా. కండ్లు పచ్చగా, మనిషి ఎండిపోయుండాడు. 'నువ్వు సెప్పిందే నిజం గదన్నా, ఆ పిల్లకు ఇష్టం లేదు గదా' అన్నాడు. నేను తల ఊపినా. నాలుగు దినాలకు పోయినాడు.

ఆ మరుసటి యేడు భారతమ్మ వచ్చింది, తమ్ముడి పెండ్లికి ఆకులు కావల్లని. మాటల్లో నేనే ఎత్తినా, 'ఎందుకట్ల సేసినావమ్మా' అని. ఆమె సంచి కింద పెట్టి సెప్పింది. 'ఆ శనారం మా నాయన పడిపోయినాడన్నా. లేసి కూసుంటే తల్నీలాలు ఇస్తానని మొక్కుకున్నా. ఆదివారం తెల్లారి కండ్లు తెరిసినాడు, అప్పుడే కొండెక్కి ఇచ్చేసినా. పూలు యాడ పెట్టుకునేది నేను? పొట్లం కొంగు కింద సేతిలోనే పట్టుకోనొచ్చినా. పిలుస్తాడు, సెప్తామనుకున్నా. ఆయప్ప తిరుక్కున్నాడు. గుండు సూసి అసియ్యపడినాడనుకున్నా.'

తిరపతబ్బా ఇది. నా అంగడి ముందర దినానికి ఎన్ని గుండ్లు పోతాయి, చందనం పూసుకోని, ఆడోళ్లయితే కొంగు కప్పుకోని. పుట్టినకాణ్ణుంచి సూస్తావుండా. తట్టలేదు నాకు. వాడికి సెప్పుకుందామంటే వాడు లేడు.

ఆకులు కట్టి ఇచ్చినా. 'ఇవి నూరేనా అన్నా' అనింది. నూరే అన్నా.

అదో, నువ్వడిగిన ఆ పిల్ల బస్సు వస్తాంది. నా మొగం సూస్తావేందిరా, ఆ పక్క సూడు.