వ్యాన్‌కు పెట్టిన ఇంటి ప్లగ్గు

హలో… ఆ, నేనే. రజితక్కనే. దుకాణంల ఇంకెవరుంటరు? ఉన్న ఒక్క మీ బావను నువ్వే తీస్కపోతివి.

… ఏంది ఆ గాలి సప్పుడు? ఎక్కడున్నవ్‌రా ప్రణయ్?

… నీళ్ల ట్యాంకు మీదనా? సిగ్నల్ కోసం అంత పైకి ఎక్కినవా?

… ఆ, మొగుళ్లపల్లి దాటితె అంతే ఉంటదిప్పుడు. కరెంటే లేకపాయె, టవర్లెట్ల నడుస్తయ్. భూపాలపల్లి బాయిలల్ల తట్టెడు బొగ్గు లేస్తలేదంటున్నరు. తెలంగాణ కోసం సమ్మె అంటె సమ్మెనే… మంచిదే. జర పైపు గట్టిగ పట్టుకో. కిందికి చూడకు.

… ముందుగాల మీ బావ సంగతి చెప్పు. దమ్ము ఎట్లున్నది?

… "మంచిగనే ఉన్నడు" అననీకి గంతసేపు పట్టిందంటె మంచిగ లేనట్టే. పొద్దున పాడిండా?

… రేగొండలనా. ఎన్ని పాటలు?

… ఎందుకు గుర్తుండదు నీకు, లెక్క చెప్తె తిడ్తనని. రెండు పాడి మైకు జమ్లికియ్యి అని చెప్పి పంపిన. ఆ మానుకోట తండా పిల్ల గొంతు మైకు లేకున్నా ఊరవతలికి ఇనవడ్తది. ఇంటడా? జనం చప్పట్లు కొట్టిండ్రంటె, దమ్మున్నదో లేదో ఆయనకే యాదికుండదు.

— సరే, చెప్పు. ఎందుకు చేసినవ్?

… సాకెటా? ఏ సాకెట్?

… కరిగిందా.

… డ్రైవర్ సీటు ఎనక, పడక పక్కన పెట్టిందేనా? … వాసనొచ్చిందా? … ఊకెనే ఎందుకు కరుగుతదిరా. ఏం పెట్టిండ్రు దానికి?

… మైకు డబ్బా.

… మైకుకు బ్యాటరీ కాడికెళ్లి లావు వైరు ఏసిచ్చిన గద, వేరేగ? … పొట్టిగున్నదా. పొట్టిగుంటె డబ్బా దగ్గరికి జరపాలె గని, బావ దమ్ము మిషన్‌కు పెట్టిన సన్న సాకెట్ల పెడ్తరా? శాబాష్. బ్యాటరీ మీద నడిచే సామాను ఇంట్ల బల్బు లెక్క గాదురా. వోల్టులు తక్కువుంటె కరెంటు ఎక్కువ గుంజుతది. సన్న వైరు కాగుతది, సన్న సాకెట్ కరుగుతది. ఆ బెంచీలు పీకి పడకలు ఏసి, వ్యాన్‌ను ఇల్లు చేసిననాడే చెప్పిన. మీకు పాటల ధ్యాస తప్ప ఇంకోటి ఎక్కదు.

… అంటలేను. తిడ్తలేను. ఇది నా మామూలు గొంతే.

… రేగొండ దుకాణంల ఏమేం ఉన్నయట?

… సిగరెట్ సాకెట్ ఒద్దు. ఒద్దంటె ఒద్దు. కార్లల్ల పెట్టేది కార్లల్లనే మంచిగుంటది. మన రోడ్లకు, గుంత తగిలినప్పుడల్ల ప్లగ్గు లేచి బయటికొస్తది. డోర్నకల్ తొవ్వల ఏమైంది? నడుమ దమ్ము మిషన్ ఆగి, మీ బావ పెదాలు నీలంగయినయ్. నువ్వే ఏడుసుకుంట ఫోన్ చేసినవ్.

… పండ్లుండే క్లిప్పులా, బ్యాటరీకి కరిపిచ్చేటివి? పిచ్చోనివారా. పక్కనే స్టవ్ పెడ్తరు, బట్టలు ఆరేస్తరు. క్లిప్పు జారి రేకుకు తాకితె ఏమైతది? ఒద్దు.

… అందుకే గద ఇంట్ల పెట్టే త్రీపిన్ పెట్టింది. గట్టిగ కూసుంటది. పోతె ఏ కిరాణ దుకాణంలనైన దొరుకుతది.

… మీ బావ చెప్పిండు, నేను ఇన్న. మల్ల ఆ ముచ్చట తీయకు. తిప్పి బిగించేటివి ఉంటయట, హైదరాబాద్ నుంచి తెప్పిద్దామన్నడు. బస్సు లేదు, రైలు లేదు, ఎవడు మోసుకొస్తడు? గది కాకుంటె ట్రాక్టర్ ట్రాలీ ఎనక లైట్లకు పెట్టే గుండ్రటిదన్న పెట్టు, అది ఇంకో దాంట్ల పట్టది, గదే దాని మంచిగుణం అన్నడు. పట్టనిది మంచిదేందయ్యా అని నవ్విన.

… ఆ, నా మాటే నెగ్గింది. అయితేంది.

… సరే, ఆ త్రీపిన్‌దే ఇంకోటి తే. తెల్లదుంటె తెల్లది—

ఆగు.

ఆ సాకెట్ కరిగింది గద. మరి మిషన్ దేనికి పెట్టిండ్రు?

… ఏ మిషనేందిరా. మీ బావ ముక్కుకు పెట్టుకునేది. నెబులైజర్.

… ఎవరింట్ల?

… లచ్చయ్యనా. ఇయ్యాల రాత్రి మిమ్ముల తనింట్ల పండుకోమన్నాయన. మంచిదే, వ్యాన్‌ల రేకు సల్లగుంటది, మంచు పడ్తున్నది. … మిషన్ గూడ ఆడికే తీస్కపోయినవ్.

ఆడ దేనికి పెట్టిండ్రు?

… ప్రణయ్, దేనికి పెట్టిండ్రు అంటున్న.

… గోడకా.

…

ఎవరు పెట్టిండ్రు గోడకు?

… లచ్చయ్య పెండ్లాం పెట్టిందా. ఆమెననేదేమున్నది. చేతుల ప్లగ్గు ఉన్నది, గోడకు సాకెట్ ఉన్నది. సక్కగ పట్టింది. ఎందుకు పట్టది, ఇంటి ప్లగ్గే గద. నేనే పెట్టిన గద.

… కరెంటు లేదు, నాకెరుక. ఇప్పుడు లేదు. వచ్చినంక?

… అది పన్నెండు వోల్టుల మిషన్‌రా. బ్యాటరీది. ఇంటి కరెంటు రెండువందల ముప్పై. ఒక్కసారి లోపటికి పోయిందంటె ఏం మిగలదు. కాలుతది. ఆ కాలిన పొగ, ఆ గొట్టం…

మీ బావ ఏం చేస్తున్నడు? నువ్వు వచ్చేటప్పుడు?

… మూతికి పెట్టుకొని, కండ్లు మూసుకొని ఉన్నడు. మందు పోసిండ్రు. కరెంటు రాంగనే నడుస్తదని చూస్తున్నడు.

స్విచ్చు?

… ఏసే ఉంచిండ్రు. ఉంచుతరు. మనమంత గంతే, ఏసి ఉంచకుంటె కరెంటొచ్చింది ఎట్ల తెలుస్తది.

— దిగు. జల్ది… లే, లే, దిగకు. నువ్వు దిగేసరికి ఆలస్యమైతది. కింద ఎవరన్న ఉన్నరా?

… జమ్లి ఉన్నదా. అరువు. గట్టిగ అరువు. ప్లగ్గు గుంజెయ్యమను. మిషన్ ముట్టొద్దు, స్విచ్చు బందు చేసి ప్లగ్గు గుంజాలె. గంతే చెప్పు, ఎందుకో తర్వాత చెప్పు.

…

… ఇన్నదా? ఉరుకుతున్నదా? … లచ్చయ్య ఇల్లు కనవడ్తున్నదా నీకు ఆడికెళ్లి? … పెంకలు ఎత్తుగున్న ఇల్లు. సరే. నువ్వు చూసుకుంట ఉండు. నాకు చెప్పుకుంట ఉండు.

… బర్లు అడ్డమొచ్చినయా. ఈ పొద్దుగూకేటప్పుడే వస్తయ్ అవి గూడ.

… ఏంది?

… ఏడ వచ్చినయ్ లైట్లు?

… బడి కాడ. … లచ్చయ్య గల్లీకి? … రాలేదా. ఒక్క ఫేజే ఇచ్చినట్టున్నరు. ఒక దిక్కు వచ్చి ఇంకో దిక్కు రాకుంటె లైన్‌మన్‌ను ఎన్ని తిట్లు తిట్టేటిదాన్ని. ఇయ్యాల రాకుండనే ఉండాలె.

నేను ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్ముకొని బతికేదాన్ని. కరెంటు పోతేనే నాకు గిరాకీ. అయినా ఎన్నడు రావొద్దని మొక్కలేదురా. ఇప్పుడు మొక్కుతున్న.

… జమ్లి ఏడున్నది?

… లోపటికి పోయింది. … ఇంక బయటికి రాలే. … ఏం చేస్తున్నది లోపట? ఆయన మూతి మీదికెళ్లి తియ్యనిస్తలేడో ఏమో. దమ్ము ఆడకుంటె పిచ్చిలేసినట్టు పట్టుకుంటడు దాన్ని—

… చెప్పు. ఏందో చెప్పు, పరేషాన్ చేయకు.

… లచ్చయ్య ఇంటికి గూడ కరెంటు వచ్చిందా.

…

… పొగ ఏమన్న కనవడ్తున్నదా? … మంచిగ చూడు. … అరుపులు?

… వచ్చిందా? బయటికొచ్చిందా? చేతుల ఏమున్నది? … మిషన్. వైరు ఏలాడుతున్నదా? ప్లగ్గు సుత?

…

ఉండు. జర నీళ్లు తాగుత.

… ఆ. ఏమంటున్నది జమ్లి? … ఆమె ప్లగ్గు గుంజినంకనే బల్బు ఎలిగింది. … మంచిది. ఆ తల్లి కాళ్లు మొక్కుత నేను.

— బావ? … పిల్లికూతలు. గోడకు ఒరిగి కూసున్నడు. … జమ్లిని తిట్టిండా? … తిట్టనీకి గూడ దమ్ము లేదా.

అయితె ఇంక అయిపోలేదు. మందు లోపటికి పడాలె. ఇను, ఒక్కసారే చెప్త. దవాఖానకు పోదామంటె పరకాల దాక తొవ్వలనే ఆగిపోతడు, ముందుగాల ఆ మిషన్ నడవాలె. ఆ ప్లగ్గు తల కోసెయ్యి. … కత్తెర లేకుంటె జమ్లి కాడ కూర కోసే కత్తి ఉంటది. లోపట మూడు తీగలు గాదు, రెండే ఉంటయ్. ఎర్రది, నల్లది. రబ్బరు గీకి, ఎర్రది బ్యాటరీ మీద ఎర్ర మచ్చ దిక్కు నట్టుకు సుట్టు. నల్లది రెండోదానికి. తారుమారు చేయకు. నట్లు చేతితోటి బిగిస్తె చాలు. మిషన్ నడిచినంతసేపు తీగ మీద చెయ్యేసి చూడు, కాగితె తీసెయ్యి.

… ఏది ఎర్రది?

… "యాదికుంటది" గాదు. ఏది ఏడికో మల్ల చెప్పు నాకు.

… ఆ. గట్ల.

బ్యాటరీ ఎట్లున్నది? … హెడ్‌లైట్ సన్నగ వస్తున్నదా. మైకు పొద్దంత గుంజె, ఇంకేముంటది. … ఒద్దు, ఇంజన్ స్టార్ట్ చేయకు. సెల్ఫ్ ఒక్కసారి కొట్టినవంటె ఉన్నది గూడ పోతది. ఉన్న కాడికి మిషన్‌కే ఉంచు. బావను వ్యాన్ల కూసోబెట్టుండ్రి, వైరు అంత పొడుగు లేదు.

… దిగు ఇగ. మెల్లగ దిగు.

— ప్రణయ్, ఆగు. నువ్వు దిగితె సిగ్నల్ పోతది. నాకెట్ల తెలుస్తది?

… పరుగెత్తి మల్ల ఎక్కుతవా? ఆయన కాడ ఎవరుంటరు అప్పుడు? ఫోన్ ఆడనే పెట్టి పో. కట్ చేయకు. ట్యాంకు మూత మీద, జారకుండ పెట్టు. మిషన్ నడిచి, ఆయన దమ్ము జర నిమ్మళమైతె, హారన్ కొట్టు. ఆ వ్యాన్ హారన్ నాలుగు ఊర్లకు ఇనవడ్తది, ట్యాంకు ఎంత దూరం.

… చార్జింగ్ ఒక్క గీతనే ఉన్నదా. ఉన్నంతసేపు ఉంటది. పో.

… పో తమ్మీ.

…

దిగినవా? … ఇనవడది నీకు. గాలి ఒక్కటే ఇనవడ్తున్నది.

…

ఏమయ్యా. ఇంటున్నవా. ఇనవులే, నాకెరుక. నువ్వు ఆడ, ఫోన్ ట్యాంకు మీద.

… సక్కగ చెప్పినవ్ నువ్వు. ఇంకో దాంట్ల పట్టనిదే పెట్టు అన్నవ్. నాకు గూడ తెలుసు. బ్యాటరీలు అమ్మేదాన్ని, తెల్వదా. అయినా ఒద్దన్న.

సాకెట్ మీద గాదయ్యా నా కోపం. ఈ దమ్ముతోటి ఊరూరు తిరుగుత, తెలంగాణ వచ్చేదాక పాడుత అన్నవ్. పోవద్దన్న. నవ్వినవ్. అన్నం తినకుండ పండుకున్న, అయినా పోత అన్నవ్. ఇగ ఒక్క దాంట్లన్న నా మాట నెగ్గాలె అని సాకెట్ కాడ పట్టు పట్టిన. గంతే. నువ్వు గూడ ఇంక కొట్లాట ఎందుకని ఊకున్నవ్.

… ఊకోకుంటె మంచిగుండె.

…

ఇంకా కోస్తున్నరా ఆ తీగ. కత్తి మొద్దు పోయిందో ఏమో.

— అమ్మో.

… ఏం లేదు. ఈడ గూడ కరెంటొచ్చింది. ఫ్యాన్ తిరుగుతున్నది. నా దుకాణంల నేను ఫ్యాన్‌కు భయపడుతున్న.

… బందు చేసిన. నీ గాలి సప్పుడు ఇనవడ్తలేదు దాంతోటి.

…

హలో… పోయిందా? … లే, ఉన్నది. కుక్క మొరుగుతున్నది ఏడనో.

… పొద్దుగూకిందా ఆడ. ఈడ గూడ గూకింది. పక్క షాపాయన షట్టర్ గుంజుతున్నడు. రేపు తెల్లారంగ ఎవరి బండన్న పట్టుకొని వస్త. ట్రాక్టర్ సాకెట్లు సంచిల ఏసుకొని వస్త, గుండ్రటివి. నేనే బిగిస్త. నువ్వు పండుకొని చూడు. పాడుతవో పాడవో నీ ఇష్టం, నేనేమనను… అంట. అయినా అంట. గని పండుకొని చూడు.

…

కొట్టుండ్రిరా. జర కొట్టుండ్రి.

…

… ఏంది అది?

… మల్లోసారి.

… హారనే. మన వ్యాన్‌దే. ఆ బొంగురు గొంతు నాకు తెల్వదా, నేనే బిగించిన.

… ఆ, ఇన్న. ఇన్నరా.

… ఇంకా కొడుతున్నవా?… చాలు. … ప్రణయ్, చాలు తమ్మీ. హారన్ బందు చెయ్యి… ఆ బ్యాటరీ మీ బావకు కావాలె.