దుప్పటికి అటు చివర

ఇప్పుడా తీరిగ్గా రావడం? ఏడాదిన్నర తర్వాత చంకలో పుస్తకం పెట్టుకొచ్చి, పెద్దావిడ ఎక్కడ అని నన్నే అడుగుతున్నావా?

లేదమ్మా. సెలవు కాదు. లేదు, అంతే. అక్క పోయి ఏడు నెలలు కావస్తోంది.

కూర్చోకు. కూర్చుంటే ఏడుస్తావు. నిన్ను చూసి నేనూ మొదలుపెడతాను. అవతల వార్డులకి వెళ్ళాల్సిన దుప్పట్లు గుట్ట పడున్నాయి. ఆ పుస్తకం కిటికీలో పెట్టు. చేతులు శుభ్రంగానే ఉన్నాయా? అయితే అటు చివర పట్టుకో. నాకివాళ జంట లేదు. ఎందుకు లేదో తర్వాత చెప్తాను.

బొటనవేళ్ళు లోపలికి. ఆ, అలా. నాలుగు నెలలు ఆ స్టూలు మీద కూర్చుని మా మడతలన్నిటికీ బొమ్మలు వేసుకున్నావు కదా, ఒక్కటీ చేతికి రాలేదా? సర్లే, రాసినంత తేలికైతే ఇంకేం.

నువ్వొచ్చిన మొదటి రోజు గుర్తుందా? ఆసుపత్రి బట్టలుతికే చోట ఏం చదువు ఉంటుందమ్మా అని మేమంతా నవ్వాం. నువ్వేమో మనుషుల మీద ప్రాజెక్టు అన్నావు. ఒకచోట పనిచేసేవాళ్ళు ఎలా ఉంటారు, ఏం నమ్ముతారు, వాళ్ళలో వాళ్ళకి ఏం కట్టుబాట్లుంటాయి, అదంతా సంస్కృతి అని మీ మాస్టారు చెప్పారన్నావు. మరుగునీళ్ళ గదిలో పనిచేసే ఆవిడ, "మాకు దగ్గుందని తెలుసుగానీ సంస్కృతి కూడా ఉందని తెలీదే" అంది. నీకు ప్రశ్నల పిల్ల అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

అక్క మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒకే మాట అంది. "రాసుకునే మనిషికి చెప్పడమంటే ఊరందరికీ చెప్పడమే. చూసుకుని మాట్లాడవే" అంది. నేను ఊఁ కొట్టాను. నాకు ఊఁ కొట్టడం బాగా వచ్చు.

ఏంటలా ఆగిపోయావు? మరకా? ఎక్కడ? నా వైపా? ఆ, ఆ, కనిపించింది. పక్కన పడెయ్, మళ్ళీ ఉతుకుతారు. ఇంకోటి తియ్యి.

నీకు తెలుసు కదా, అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నన్ను ఈ పనిలో పెట్టించింది ఆవిడే. ఇరవై రెండేళ్ళు ఈ దుప్పటికి అటు చివర నిలబడిందీ ఆవిడే. ఇంట్లో మాకు పడేదనుకున్నావా? పొయ్యి దగ్గర మాటామాటా అనుకుని వారాల తరబడి మాట్లాడుకోని రోజులున్నాయి. కానీ ఇక్కడికొచ్చి మూలలు పట్టుకున్నామంటే ఒక్క మనిషి చేసినట్టు ఉండేది పని. మొగుడితో పోట్లాడినా పనికొస్తుంది గానీ జంటతో పోట్లాడితే దుప్పటి నేలకి తగులుతుంది. ఈ మాట నీ పుస్తకంలో ఉందట, మా సూపర్‌వైజర్ సార్ చెప్పారు.

ఒక్క సంగతి మాత్రం నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదన్నదే ఇక్కడి కట్టుబాటు. జంటలో ఒకరికున్న లోపం రెండోవాళ్ళు బయట పెట్టకూడదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు.

నేను చెప్పాను. నీకు.

అక్క కుడిచేతి చివరి రెండు వేళ్ళకి పట్టు పోయింది. ఎన్నేళ్ళు తడిబట్ట, ఎన్నేళ్ళు ఆవిరి. మూల జారిపోకుండా గడ్డం కింద నొక్కిపెట్టుకునేది. నేను ఇటునుంచి బిగలాగకుండా వదులుగా పట్టుకుని, అడుగు ముందే నడిచి వెళ్ళి ఆ మూల అందుకునేదాన్ని. మూడేళ్ళు అలాగే నెట్టుకొచ్చాం. పక్క బల్ల వాళ్ళకి కూడా అనుమానం రాలేదు. గడ్డం ఆనించడం ఆవిడకి అలవాటనుకున్నారు.

నువ్వు నన్ను విడిగా ఆ మెట్ల మీద కూర్చోబెట్టి, మధ్యలో రికార్డరు పెట్టి అడిగావు. ఇద్దరిలో ఒకరికి చేతకాకపోతే రెండోవాళ్ళు ఏం చేస్తారండీ అని. అమ్మాయ్, అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. అప్పటిదాకా నన్ను కూర్చోబెట్టి, నీ మాటేంటి అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నేను వాళ్ళని అడగడమే. నువ్వు తలూపుతూ, ఇది చాలా ముఖ్యమండీ, ఇంకా చెప్పండి అంటుంటే నోరు ఆగలేదు.

గొప్పకి పోయాను. అసలు సంగతి అది. ఇంట్లో ఎప్పుడూ పెద్దకోడలిదే పెద్దరికం. ఒక్కచోటైనా నేను ఆవిణ్ణి నిలబెడుతున్నానని ఎవరో ఒకరికి తెలియాలనిపించింది. నీకు చెప్పాక ఎంత తేలిగ్గా అనిపించిందో. ఇంటికెళ్ళి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

పేర్లు రాయనన్నావు. రాయలేదు, ఆ మాట నిజమే. ఏడో స్త్రీ అని రాశావు. ఏడో స్త్రీ చేతిలో పట్టు లేక మూలని గడ్డం కింద నొక్కిపెడుతుంది, జంట ఆ లోపాన్ని కప్పుతుంది అని రాశావు. ఈ గదిలో గడ్డంతో దుప్పటి పట్టుకునేవాళ్ళు ఎంతమంది తల్లీ? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. లోపలికి రానిచ్చినందుకు, నువ్వెళ్ళిన ఆరు నెలలకి సార్‌కి మర్యాదగా ఒక కాపీ పంపావు. ఆయన మర్యాదగా చదివారు.

నిన్ననడం లేదు. ఏడవకు. దుప్పటి తడిస్తే మళ్ళీ ఆరెయ్యాలి.

ఆ వారంలోనే సార్ వచ్చారు. అక్కని ఒక్కదాన్నే నిలబెట్టి, తడి దుప్పటి ఇచ్చి రెండు మూలలూ పట్టుకోమన్నారు. నన్ను పక్కకి జరగమన్నారు. తర్వాత, "గడ్డం ఆనించకమ్మా" అన్నారు. ఆ మాటతో అక్క తలతిప్పి నా వైపు చూసింది. ఆయన వైపు కాదు, నా వైపు.

దుప్పటి నేల మీద పడింది. అక్క వంగి తీసి మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ పడింది. మూడోసారి తీయబోతుంటే సార్ వద్దులెండి అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ మాట అనేటప్పుడు నేల చూపులు చూశారు. నాలుగు రోజులకి పనికి తగదని కాగితం వచ్చింది.

ఇంట్లో నాలుగు నెలలుంది. పొద్దున్నే లేచి, పని ఉన్నప్పటిలాగే తల దువ్వుకుని, నాకు డబ్బా కట్టి ఇచ్చి గుమ్మందాకా వచ్చేది. నేను వెళ్ళాక ఇంట్లో ఉన్న బట్టలన్నీ తీసి మళ్ళీ మడతలు పెట్టేదట. గడ్డం ఆనించే. మా అమ్మాయి చూసి చెప్పింది. ఆ తర్వాత జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి దిగింది. పదకొండు రోజులు. పని పోయినందుకు ఎవరూ చావరమ్మా, ఇది వేరే జబ్బు అన్నారు డాక్టరుగారు. నేనూ ఆ మాటే పట్టుకుని ఉన్నాను. రోజూ అనుకుంటూ ఉంటాను.

అడిగింది. ఎవరు చెప్పారని ఎందుకు అడగదు? ఒక్కసారే అడిగింది. దండెం మీద బట్టలు ఆరేస్తూ, నా మొహం చూడకుండా, "నా చెయ్యి సంగతి ఆ పిల్లకి ఎవరు చెప్పారే?" అంది.

"ఎవరూ చెప్పలేదక్కా. ఆ పిల్ల కళ్ళు మామూలు కళ్ళు కాదు. తనే చూసి రాసుకుంది."

"అంతేలే" అంది. ఇంకోసారి ఎత్తలేదు.

నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అంతేలే అన్న మాటకి ఎన్ని అర్థాలు తీసినా తీయొచ్చు. నేను అన్నీ తీసి చూశాను.

ఇక ఈ గదిలో నిన్ను తిట్టనివాళ్ళు లేరు. టీ తాగుతూ పాపం పెద్దావిడ అని, వెంటనే ఆ ప్రశ్నల పిల్ల చేతులు పడిపోను అనేవాళ్ళు. నీకు పొలమారలేదా? నేనూ తిట్టాను. అందరికంటే గట్టిగా తిట్టాను. తిట్టినంతసేపూ నన్ను ఎవరూ చూడరు కదా.

ఆ మూల జారుతోంది, గట్టిగా పట్టుకో. ఆ.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇందాక నువ్వు మరక చూపించావే, కనిపించింది అన్నాను కదా. కనిపించలేదు. నా ఎడమ కన్ను మసక. ఇవాళ్టిది కాదు, పదేళ్ళు అవుతోంది. తెల్ల దుప్పటి మీద లేత మరక ఉంటే నాకు అంతా తెల్లగానే ఉంటుంది.

మరెలా చేశానంటావా? అక్క. తన సగం చూసుకుని, నా సగం కూడా తనే చూసేది. నా వైపు మరక ఉంటే అటునుంచి రెండుసార్లు చిన్నగా లాగేది. నేను "మరక" అని కేక వేసేదాన్ని. నువ్వు ఆ స్టూలు మీద కూర్చుని విన్నావు కదా, రోజుకి ఎన్నిసార్లు అరిచేదాన్నో. నీ నోటుపుస్తకంలో గీతలు కూడా పెట్టుకున్నావు, ఎవరు ఎన్ని పట్టారని. ఆ గీతలన్నీ అక్కవి.

నేను ఆవిడ చేతిని మూడేళ్ళు కాచానని గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ నా కంటిని తొమ్మిదేళ్ళు కాచింది. ఆ ముక్క నీకు చెప్పలేదు చూడు. రికార్డరు ముందు కూర్చున్నంతసేపూ నాకది గుర్తే రాలేదంటే నమ్ముతావా? వచ్చింది. నేనే పక్కకి నెట్టాను.

అక్క పని మానేశాక కొన్నాళ్ళు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో నెట్టుకొచ్చాను, ఈమధ్యే నాకొక కొత్తమ్మాయిని జంటగా ఇచ్చారు. పెళ్ళయి ఏడాది కాలేదు, ఒద్దికైన మనిషి. దాని సగం అది చూసుకునేది. నా సగం నేను చూసుకోవాలి కదా. మూడుసార్లు మరక దుప్పట్లు వార్డులోంచి తిరిగొచ్చాయి, మా జంట చీటీతోనే. మొన్న సార్ ఇద్దరినీ గదిలోకి పిలిచారు. నా పని అయిపోయింది అనుకున్నాను.

ఆయన సొరుగులోంచి నీ పుస్తకం తీశారు. నా వైపు చూసి నవ్వి, ఇదిగో మీ గురించి ఏం రాశారో వినండి అని చదివారు. ఆ ప్రశ్న కిందే ఉందట, ఒకరికి చేతకాకపోతే రెండోవాళ్ళేం చేస్తారు అన్న దాని కిందే. "మాకు అలాంటి ఇబ్బంది లేదమ్మా. మా చెల్లి కన్ను పడిందంటే ఆవగింజంత మరక కూడా తప్పించుకోలేదు. నా సగం కూడా అదే చూస్తుంది."

అలా రాసి ఉంది. పుస్తకంలో అచ్చు వేసి. పేరు లేదు, కానీ ఈ గదిలో మరక అని ఎక్కువగా అరిచేది నేనేనని సార్‌కి తెలుసు.

చెప్పు, ఆ మాట అన్నది అక్కే కదా? చెప్పకూడదా? ఎవరు ఏం చెప్పారో ఇంకొకరికి చెప్పనని మాటిచ్చావా? పోయినవాళ్ళకి కూడా అదే నియమమా? సర్లే, చెప్పకు. నీ మొహం చూస్తే తెలుస్తోంది.

ఒకే ప్రశ్న ఇద్దరినీ అడిగావు తల్లీ. నేను నిజం చెప్పి ఆవిణ్ణి బయటికి పంపించాను. ఆవిడ అబద్ధం చెప్పి నన్ను ఇక్కడే ఉంచింది. ఆ అబద్ధాన్ని నువ్వు నిజమనుకుని రాసుకున్నావు, సార్ నిజమనుకుని చదివారు. పుస్తకంలోనే ఇలా ఉంటే ఇక మరకలు ఎవరి వల్ల దాటిపోతున్నాయి? కొత్తమ్మాయి వల్లే. దాన్ని తడి గదికి మార్చేశారు. నిన్నటినుంచి అక్కడ మోకాలిదాకా నీళ్ళలో నిలబడి ఉంది. వెళ్తూ నాకు నమస్కారం పెట్టి, నావల్ల మీకు మాట వచ్చింది, ఏమనుకోకండి పిన్నిగారూ అని మరీ వెళ్ళింది.

నేను ఏమీ అనుకోలేదు. నోరు తెరవలేదు.

ఏంటి, సార్‌తో చెప్పెయ్యమంటావా? నువ్వు కూడా వస్తావా? వచ్చి, పుస్తకంలో తప్పు పడింది, దిద్దుతాను అంటావు. బాగానే ఉంది. చదువుకున్నదానివి, దిద్దుకోగలవు. కానీ ఆలోచించు. నాకోసం అక్క చెప్పివెళ్ళిన మాట అదొక్కటే మిగిలింది. ఆవిడ చెయ్యి బయటపెట్టింది నేను, ఇప్పుడు ఆవిడ మాట అబద్ధమని చెప్పాల్సిందీ నేనేనా? చెప్పకపోతే, అటు ఆ కొత్తమ్మాయి ఉందే. అది కూడా ఎవరికో తోడికోడలే, ఎవరింట్లోనో చిన్నదే.

ఏమో. తొమ్మిదేళ్ళు అటునుంచి ఎవరో లాగితేనే నా నోరు లేచింది. లాగేవాళ్ళు లేకపోతే ఏం చెప్పాలో నాకు తెలీదమ్మా.

ఈ గుట్ట కానీ ముందు. తర్వాత సార్ గది తలుపు తీసే ఉంటుంది, వెళ్తే వెళ్తాను, లేకపోతే లేదు. నువ్వు రాసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. పట్టు, బొటనవేళ్ళు లోపలికి.

నా వైపు కూడా నువ్వే చూడు. ఏమైనా ఉంటే చెప్పు.