సరదాకి వేసే డేరాలు

దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. అవనిగడ్డ బస్టాండులో గుడివాడ బస్సు కోసం నిలబడి భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు.

"మా పాటల బృందాన్ని అక్కడి చర్చివాళ్లు జర్మనీ నుంచి ఇటలీ దాకా వ్యానులోనే తీసుకెళ్తారటండీ! ఊరూరా చర్చిల్లో మన పాటలు పాడాలి. మధ్యలో మంచుకొండలు దాటతామట!"

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారట?"

"ఊళ్ల బయట, డేరాలు వేసుకుని."

"డేరాలా? పాపం, వాళ్లకీ ఉప్పెన వచ్చిందా?"

"అయ్యో, లేదండీ. అక్కడివాళ్లు సెలవుల్లో సరదాకి అలా ఉంటారట. డబ్బులిచ్చి మరీ!"

"ఉప్పెన తర్వాత మనం డేరాలో నెలల తరబడి ఉన్నాం కదే. గాలికి ఆ గుడ్డ కొట్టుకున్నప్పుడల్లా లేచి కూర్చునేదానివి. మళ్లీ పడుకోగలవా?"

"లేచే కూర్చుంటానేమో. అప్పుడు బయటికొస్తే మన ఇల్లు ఉండేది కాదు. ఇప్పుడు బయటికొస్తే కొండలుంటాయి. చూడాలనుందండీ."

"నీతో వచ్చేవాళ్లలో డేరా వేయడం ఎవరికొచ్చు?"

"ఎవరికీ రాదు. అందరూ గుడివాడ వాళ్లే, ఉప్పెన అక్కడిదాకా రాలేదుగా. ఇంతకీ గుడివాడ వెళ్లాక అక్కడి పాస్టరు గారికి ఏం చెబుతారు? మీరు ఊఁ అంటేనే నా పేరు రాస్తారట."

"ఊఁ అనే చెబుతాను. నువ్వు మాత్రం దగ్గరుండి డేరా చుట్టూ కాలవ తవ్వించు. వాళ్లకి తెలీదు, వానొస్తే నీళ్లన్నీ లోపలికే వస్తాయి."